ఎర్రచందనం చెక్కతో మొదలుపెట్టు

నాయనా,

నీ వ్యాసం రెండు తూర్లు చదివినా. "చక్రీయ సంకలన చర్యల ప్రాముఖ్యత" అని (అదే, రెండు మాలిక్యూల్స్ కలిసి రింగు కట్టే సైక్లోఅడిషన్లు) మొదలుపెట్టి పది మాలిక్యూల్స్ పేర్లు వరసగా రాసి అన్నీ గొప్పవే అని ముగించేసినావు. తప్పుల్లేవు గానీ ఎవురు చదువుతారబ్బా. నేనూ మొదట్లో ఇట్లాంటిదే ఒక పత్రికకి పంపితే కవర్ మీద "ఇది పరీక్ష పేపరా?" అని రాసి తిప్పి పంపినారు, వారం రోజులు ఎవురికీ మొకం చూపించలేదు.

నువ్వుండేది తిరుపతిలో, శేషాచలం కింద. ఎర్రచందనం అంటే మనకి స్మగ్లర్లూ టాస్క్‌ఫోర్సే గుర్తొస్తారు గానీ ఆ చెక్కకి ఆ ఎరుపు యాడిదో ఎవురూ అడగరు. మా ఇంట్లో ఒక ఎర్రచందనం బొమ్మ ఉండేది, నీళ్ళతో తుడిస్తే ఏం కాదు, ఒకరోజు స్పిరిట్‌తో తుడిస్తే గుడ్డంతా ఎర్రగా అయిపోయింది, మా అమ్మ తిట్టిన తిట్లు ఇప్పుడు రాయలేను. ఆ రంగులే శాంటాలిన్లు, నీళ్ళలో కరగవు, ఆల్కహాల్‌లో కరుగుతాయి. అదీ నీ మొదటి పేరా.

వాటిల్లో శాంటాలిన్ వై అని ఒకటుండాది. 2015లో డిర్క్ ట్రౌనర్ అనే కెమిస్ట్ టీమ్ దాన్ని ల్యాబ్‌లో చేసినారు. రెండు ముక్కలు కలుస్తాయి, ఒకటి మూడు కార్బన్లతో వస్తే ఇంకోటి రెండింటితో వచ్చి ఐదింటి రింగు కడతాయి, అది కాంగానే ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ అనే చర్యతో ఇంకో రింగు మూసుకుంటుంది, ఐదు స్టీరియోసెంటర్లు (కుడి ఎడమ తేడా వచ్చే కార్బన్లు) ఒకే దెబ్బకి వచ్చేస్తాయి. ఈడ పరిగెత్తబాకు. ఇంకో మాట, అది సైక్లోఅడిషనే అయ్యుంటుందని వాళ్ళు ప్రతిపాదించినారు అంతే, ఆ "అయ్యుంటుంది" ని నువ్వు తీసేయొద్దు. చెక్కలో దొరికే శాంటాలిన్ వై కూడా కుడిచేతిదీ ఎడమచేతిదీ (అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాలు) సగం సగం ఉంటుంది, ఎంజైమ్ చేస్తే మామూలుగా ఒక చేతిదే వస్తుంది, అంటే చెట్టులో కూడా ఎంజైమ్ అదుపు లేకుండానే తయారవుతుందేమో అనిపిస్తుంది, నాకైతే కథంతా ఆడే ఉండాది.

సైక్లోఅడిషన్లలో పేరున్న డీల్స్-ఆల్డర్ చర్య చెప్పాలంటే ఒప్పులకుప్ప చాలు, ఇద్దరాడపిల్లలు రెండు చేతులూ ఒకేసారి పట్టుకుంటే రింగు, నాలుగు కార్బన్ల పిల్ల, రెండు కార్బన్ల పిల్ల. 1928 పేపర్‌లో డీల్స్, ఆల్డర్ ఇద్దరూ సహజ పదార్థాల తయారీకి దీన్ని వాడే పని మాకే వదిలేయండి అని రాసుకున్నారు, ఆస్తి మీద బోర్డు పెట్టినట్టు! అయినా 1952లో గేట్స్ అనే కెమిస్ట్ మార్ఫిన్‌కి వాడేసినాడు, 1956లో ఉడ్‌వర్డ్ మన సర్పగంధలోని రెసెర్పిన్‌కి. 1950 నోబెల్ మాత్రం డీల్స్, ఆల్డర్లకే వచ్చిందిలే. మిగతా పేర్లన్నీ కొట్టేసెయ్.

రాసేముందు శాంటాలిన్ వై బొమ్మ కాయితం మీద గీసి, ఐదు సెంటర్లకీ నంబర్లేసి వాట్సాప్‌లో పంపు. మొన్న నేను గీస్తే నాలుగే వచ్చినాయి.