జత కట్టకుండానే ఆడకుక్కకి పాలొస్తుంటే ఏం చేయాలి?

మీ కుక్కకి ఏడాదిన్నర, హీట్ (ఎదకు రావడం) అయిపోయి రెండు నెలలు కావస్తోంది, మగకుక్క దరిదాపుల్లోకి కూడా రాలేదు. అయినా చన్నులు ఉబ్బి పాలొస్తున్నాయి, ఒక సాక్సు కరుచుకుని మంచం కింద దూరి ఎవరొచ్చినా గుర్రుమంటోంది, తిండి సగం వదిలేస్తోంది అన్నారు. ఇది జబ్బా, పాలు పిండెయ్యాలా, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పోతుందా అని అడిగారు. జబ్బు కాకపోవచ్చు, దీన్ని ఉత్తుత్తి కడుపు (ఫాల్స్ ప్రెగ్నెన్సీ) అంటారు, పాలు మాత్రం అస్సలు పిండకండి, ఆపరేషన్ ఇప్పుడే వద్దు. మా కుక్క చిట్టికి కూడా మొదటి రెండు హీట్ల తర్వాత అచ్చం ఇలాగే అయింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

కుక్కల ఒళ్లు మన ఒంటిలా పనిచేయదు. హీట్‌లో అండాలు విడుదలయ్యాక, కడుపు నిలిచినా నిలవకపోయినా దాదాపు రెండు నెలలపాటు ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది. అది తగ్గేటప్పుడు ప్రొలాక్టిన్ పెరుగుతుంది, పాలు తెప్పించేదీ, తల్లి బుద్ధి పుట్టించేదీ అదే. అందుకే హీట్ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఈ గొడవంతా మొదలవుతుంది, నిజంగా కడుపుతో ఉంటే పిల్లల్ని పెట్టే సమయం కూడా దాదాపు అదే కదా. చాలా కుక్కల్లో బయటికి ఏమీ కనిపించకుండా గడిచిపోతుంది, కొన్నిట్లో మాత్రం ఇదిగో ఇలా ఇల్లంతా పీకి పందిరేస్తుంది. మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది.

అయినా ఒకసారి డాక్టర్‌కి చూపించండి, ఎందుకంటే ఇదే సమయంలో వచ్చే అసలు ప్రమాదం ఇంకొకటుంది: పయోమెట్రా, అంటే గర్భసంచికి చీము పట్టడం. నీళ్లు మరీ ఎక్కువగా తాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం, వాంతులు, జ్వరం, నీరసంగా పడి ఉండటం, యోని నుంచి దుర్వాసనతో చీములాంటిది కారడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకండి, అప్పటికప్పుడు తీసుకెళ్లండి. చీము బయటికి కారకుండా లోపలే నిలిచిపోయే రకం ఇంకా ప్రమాదం, కాబట్టి ఏమీ కారట్లేదని ధీమాగా ఉండొద్దు. జత కట్టలేదని మీకు నూటికి నూరుపాళ్లు తెలియకపోతే (గేటు తీసి ఉన్న ఐదు నిమిషాలు చాలు వాటికి) స్కాన్ తీయిస్తే కడుపు సంగతీ గర్భసంచి సంగతీ రెండూ తేలిపోతాయి. మా డాక్టరు కూడా మందు మాట ఎత్తకముందే స్కాన్ చేశారు.

ఇక పాల విషయం. పాలు గడ్డకట్టి నొప్పి చేస్తాయని, పిండేస్తే హాయిగా ఉంటుందని మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. తీసేకొద్దీ ఒళ్లు మళ్లీ తయారు చేస్తూనే ఉంటుంది, పిల్లలు తాగుతున్నాయని దానికి కబురు అందినట్టే. వేడి కాపడం, మర్దన కూడా అంతే. ఆఖరికి పొట్ట నిమరడం కూడా ఈ కొన్నాళ్లు మానెయ్యండి. అది తనంతట తాను నాకుతున్నా ఇదే కథ. చిట్టి రాత్రిపూట చప్పుడు చేస్తూ గంటలకొద్దీ నాక్కునేది, దానికి పాత బనియను తొడిగి వీపు మీద ముడేశాం, ముందుకాళ్లు చేతుల్లోంచి బయటికి. చూడ్డానికి నవ్వొచ్చేది గానీ బాగా పనిచేసింది. అది విప్పేసుకునే రకమైతే మెడకు పెట్టే కోన్ కాలర్ వాడండి. రోజుకోసారి చన్నుల వైపు కళ్లతో చూస్తే చాలు. ఏదైనా ఒకటి ఎర్రగా, వేడిగా, రాయిలా గట్టిపడినా, పాలలో రక్తమో చీమో కనిపించినా అది మాస్టైటిస్ (చన్నుల వాపు జబ్బు) కావచ్చు, దానికి వైద్యం కావాలి.

అన్నిటికంటే కష్టమైంది బొమ్మ వ్యవహారం. మా దగ్గర నొక్కితే కీచుమనే రబ్బరు బాతు ఒకటుండేది. చిట్టి దాన్ని పళ్లు తగలకుండా ఎంతో సుతారంగా పట్టుకుని దుప్పటి గూట్లో పొట్టకి ఆనించి పెట్టుకునేది, కదిలినప్పుడు అది కీచుమంటే చెవులు నిక్కబొడుచుకుని మూలుగుతూ దాన్ని తల నుంచి తోక దాకా నాకేది, ఆ నాకుడికి అది మళ్లీ కీచుమనేది. ఇంక చెప్పేదేముంది! కాబట్టి ముందు కీచు బొమ్మలు తీసెయ్యండి. తీసెయ్యమన్నాను కదా అని దాని నోట్లోంచి లాక్కోకండి, మంచం కిందికి చెయ్యి పెట్టకండి, తిట్టకండి. ఆ సమయంలో ఎంత మెతక కుక్కైనా కరవొచ్చు, తప్పు దానిది కాదు. దాన్ని వాకింగ్‌కి తీసుకెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్కో వస్తువూ మాయం చేయాలి, గూడు కట్టుకున్న చోటుకి అడ్డం ఏదైనా పెట్టెయ్యాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లని కొన్నాళ్లు ఆ గదిలోకే పంపకండి.

ఖాళీగా ఉంచొద్దు. వాకింగ్ కాస్త పెంచండి, కొత్త దారుల్లో తీసుకెళ్లండి, తిండిని చిన్న చిన్న ముక్కలుగా ఇల్లంతా దాచి వెతికించండి. ఈ చివరిదానికే చిట్టి గూడు వదిలి బయటికొచ్చేది. తిండి తగ్గించినందుకు కంగారుపడి రకరకాలవి నోట్లో పెట్టి బతిమాలకండి, నీరసం, వాంతుల్లాంటివి లేకపోతే ఆకలి అదే వస్తుంది. పాలు తగ్గుతాయని నీళ్లు ఆపేయమని ఎవరైనా అంటే మాత్రం వినకండి.

వారం గడిచినా పాలు, కోపం తగ్గకపోతే మందు ఉంది. కాబెర్గోలిన్ ప్రొలాక్టిన్‌ని తగ్గిస్తుంది. కుక్కలకి సాధారణంగా కిలో బరువుకి 5 మైక్రోగ్రాముల చొప్పున రోజుకోసారి, 4 నుంచి 6 రోజులు ఇస్తారు. ఈ లెక్క రాయడానికి కారణం ఒక్కటే: మనుషులకి దొరికే మాత్ర అర మిల్లీగ్రాము, అంటే 500 మైక్రోగ్రాములు, పది కిలోల కుక్కకి అందులో పదో వంతు కావాలి. ఇంట్లో బ్లేడుతో కోసి అంచనాగా వేసే వ్యవహారం కాదిది, డాక్టర్ ఇచ్చిన కొలతే వాడండి. మొదట్లో వాంతి కావచ్చు, అందుకే తిండితో ఇవ్వమంటారు. వాంతి ఆగడానికి మీ అంతట మీరు మెటోక్లోప్రమైడ్ వేసెయ్యకండి, అది ప్రొలాక్టిన్‌ని పెంచే మందు, దీనికి సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. కడుపుతో ఉన్న కుక్కకి కాబెర్గోలిన్ ఇస్తే గర్భం పోవచ్చు, ముందే స్కాన్ చేయించమన్నది అందుకు కూడా.

"పాపం, ఒక్కసారి పిల్లల్ని పెట్టనివ్వండి, మళ్లీ రాదు" అని మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా అన్నారు. ఒక ఈతతో ఇది ఆగదు, తర్వాతి హీట్‌కి మళ్లీ రావొచ్చు. పైగా పుట్టే పిల్లల్ని ఎవరు పెంచుతారు? పూర్తిగా ఆగాలంటే దారి స్పేయింగే (మీరడిగిన పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్), పయోమెట్రా భయం కూడా దాంతోనే పోతుంది. కానీ పాలొస్తుండగా చేస్తే అండాశయాలు పోయి ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రొలాక్టిన్ అలాగే ఉండిపోయి ఈ లక్షణాలు నెలల తరబడి సాగే అవకాశముంది. అందుకే పాలు పూర్తిగా ఆగి, ప్రవర్తన మామూలుగా అయ్యాకే చేస్తారు, ఎక్కువమంది డాక్టర్లు హీట్ అయిన మూడు నెలల తర్వాత తేదీ ఇస్తారు. చిట్టికి అలాగే చేయించాం, ఆ తర్వాత ఈ గొడవ మళ్లీ రాలేదు.

మీరు రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు హీట్ మొదలైన తేదీ, నీళ్లు ఎంత తాగుతోంది, ఏమన్నా కారుతోందా, ఈ మూడూ కాగితం మీద రాసుకెళ్లండి. ముందు అడిగేవి అవే.