లెక్కలో సున్నా, గ్లవ్ కింద కట్టు

ప్రశ్న: నేను సైట్ ఇంజినీర్ని. పది నెలలుగా మా సైట్లో ఒక్క ప్రమాదం కూడా నమోదు కాలేదు. అందరికీ హెల్మెట్లు, బెల్టులు ఇచ్చాం. రోజూ పని మొదలయ్యే ముందు పది నిమిషాలు జాగ్రత్తలు చెప్తాం. ఇదంతా పనిచేస్తోందో, మా అదృష్టం బాగుందో తేలడం లేదు. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీకు ఆ అనుమానం వచ్చింది, సగం పని అయినట్టే. నేను సేఫ్టీ ఆఫీసర్‌గా ఉన్న ఒక సైట్లో గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అని బోర్డుండేది. పొద్దున్నే అంకె మార్చేది నేనే, కాస్త గర్వంగా కూడా. ఒకరోజు రాడ్ బెండింగ్ చేసే కుర్రాడు నీళ్లు తాగేటప్పుడు కూడా ఎడమ చేతి గ్లవ్ తీయలేదు. తీయించి చూస్తే రెండు వేళ్లకి గుడ్డ చుట్టి ఉంది, నెత్తురు ఎండిపోయింది. ‘‘చెప్తే అందరి బోనస్ పోతుందని మేస్త్రీ వద్దన్నాడు సార్’’ అన్నాడు. ఆ బోనస్ పెట్టింది మేమే! దాన్ని ఎత్తేయించాక, దాచకుండా చెప్పే దెబ్బల లెక్క పెరిగింది. పైవాళ్లు నన్ను నిలదీశారనుకోండి, అది వేరే కథ.

ప్రమాదాలు సున్నా అన్న లెక్కని పక్కనపెట్టి, త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాయించండి. పైనుంచి పానా జారి ఎవరికీ తగలకపోయినా రాయాల్సిందే. నెలంతా ఒక్కటీ రాలేదంటే మీదాకా రానివ్వడం లేదని అర్థం. చెప్పిన తేదీ, సరిచేసిన తేదీ పక్కపక్కనే వేయండి. లిఫ్ట్ గుంతకి అడ్డు లేదని సోమవారం చెప్పినవాడికి శుక్రవారం కూడా అదే గుంత కనిపిస్తే, ఇంకోసారి నోరు విప్పడు.

ఇక బెల్టులు. ఎంతమంది వేసుకున్నారని కాదు, హుక్ ఎక్కడ తగిలించారో చూడండి. మామూలుగా బెల్టు తాడు 1.8 మీటర్లు. మనిషి పడితే కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ విచ్చుకుని ఇంకో మీటరుకి పైగా కూడా సాగొచ్చు. తాడు కట్టి ఉండే వీపు రింగు నుంచి పాదాలకి దాదాపు మీటరున్నర. హుక్ నుంచి మొత్తం నాలుగు మీటర్లు దాటిపోయింది, ఆ కింద ఇంకో మీటరు ఖాళీ ఉండాలి. స్లాబుల మధ్య మూడు మీటర్లే ఉన్నచోట కాళ్ల దగ్గర హుక్ తగిలించుకున్నవాడు బెల్టుతో సహా కింది స్లాబుకి కొట్టుకుంటాడు. అందుకే నేను అంచుకి రెయిలింగ్ పడ్డాకే బెల్టు సంగతి ఎత్తేవాణ్ని.

రేపు టేపు పట్టుకుని పైకెక్కండి. ప్రతి హుక్ నుంచి కిందికి ఎంతుందో కొలిచి నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.