మంజూరుకీ విడుదలకీ మధ్య: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

పరిశ్రమలకు ప్రభుత్వాలిచ్చే రాయితీల మీద నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి అందింది. రెండుసార్లు చదివాను. భాష బాగుంది, కోపమూ బాగుంది. "పెద్ద కంపెనీలకు వెండి పళ్లెం, చిన్నవాళ్లకు విస్తరాకు కూడా లేదు" అన్న వాక్యాన్ని పత్రికవాళ్లు బాక్సు కట్టి మరీ వేస్తారు, చూస్తూ ఉండు. ఆ వాక్యం మీద నాకేం అభ్యంతరం లేదు. కానీ అది కుదిరిన సంతోషంలో నువ్వు ఇంకెవర్నీ కలవలేదని చదివేవాడికి తెలిసిపోతోంది. మొదటి పేరాలో ఉన్న కోపమే చివరి పేరా దాకా అలాగే ఉంది. మధ్యలో నీకు కొత్తగా ఏమీ తెలియలేదు. కాబట్టి నాకూ తెలియలేదు.

నువ్వు 99 పైసలతో మొదలుపెట్టావు. అందరూ అక్కడే మొదలుపెడుతున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద ఐటీ కంపెనీ టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని నిర్ణయించింది. బదులుగా వస్తాయన్నవి 1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు. 99 పైసల మీద నువ్వు మూడు పేరాలు ఎగతాళి రాశావు. ఆ 12,000 గురించి ఒక్క ముక్క లేదు. ఆ ధర పెట్టిందే నలుగురూ మాట్లాడుకోవాలని. నువ్వూ మాట్లాడావు, వాళ్ల పని అయిపోయింది. ఉద్యోగాలు ఎన్నేళ్లలో రావాలి, వచ్చాయో లేదో లెక్క ఎవరు చూస్తారు, రాకపోతే భూమి సంగతేమిటి అని అడిగి ఉంటే కథ వేరే ఉండేది. ఇలాంటి షరతులు ప్రెస్‌నోట్‌లో దొరకవు, జీవోలోనూ ఒప్పందంలోనూ వెతకాలి. జీవో ఇంగ్లీషు చదవడం విసుగే, ఒప్పుకుంటాను. అయినా చదవాలి.

షరతు ఎంత పనిచేస్తుందో చూడాలంటే అమెరికాలోని విస్కాన్సిన్ కథ చదువు. 2017లో ఫాక్స్‌కాన్ అనే తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ అక్కడ 10 బిలియన్ డాలర్ల ఫ్యాక్టరీ కడతానంది, 13,000 ఉద్యోగాలు ఇస్తానంది. రాష్ట్రం దాదాపు 3 బిలియన్ డాలర్ల రాయితీలకు సంతకం పెట్టింది. ఉద్యోగాలు అనుకున్నట్టు రాలేదు. 2021లో ఒప్పందం తిరగరాస్తే ఆ 13,000 కాస్తా 1,454 అయింది, రాయితీ 80 మిలియన్లకు దిగింది. ఇన్ని ఉద్యోగాలిస్తేనే ఇంత డబ్బు అని షరతు ఉండబట్టి రాష్ట్ర ఖజానా చాలావరకు బయటపడింది. దెబ్బ తిన్నది మౌంట్ ప్లెజెంట్ అనే ఊరు. కంపెనీ వస్తోందని అక్కడి స్థానిక ప్రభుత్వం అప్పు చేసి మరీ భూములు కొంది, ఇళ్లు ఖాళీ చేయించింది, రోడ్లు వేసింది. ముందుగా ఖర్చు పెట్టినవాణ్ణి ఆ ఉద్యోగాల షరతు కాపాడలేదు. చివరికి ఆ నేలలో చాలా భాగం డేటా సెంటర్ కోసం మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇదే ఫాక్స్‌కాన్ మన తిరుపతి జిల్లా శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫోన్లు చేయించింది, రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అంటే కంపెనీని తిట్టి లాభం లేదు. ఒప్పందంలో ఏం రాసుకున్నారు, ముందు ఎవరి జేబు ఖాళీ అయింది, ఈ రెండూ చూసుకోవాలి.

ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అంకెలు నీ వ్యాసంలో చాలా ఉన్నాయి. అన్నీ తీసెయ్. 2023 మార్చిలో విశాఖ పెట్టుబడుల సదస్సులో ఒక ప్రభుత్వం 13 లక్షల కోట్లకు పైగా ఒప్పందాలన్నది. 2025 నవంబర్‌లో అదే విశాఖలో, ఆ ప్రభుత్వాన్ని ఓడించి వచ్చిన ప్రభుత్వమూ 13 లక్షల కోట్లకు పైగానే అన్నది. ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసగదు, ఈ అంకె దగ్గర మాత్రం కుదిరింది. ఎంఓయూ అంటే ఉద్దేశం చెప్పుకోవడం, అంతే. దాన్ని పెట్టుబడి అని రాయకు.

అలాగని పెద్ద కంపెనీ రావడమంతా మోసమని తేల్చెయ్యకు. పెనుకొండ పక్క ఎర్రమంచికి వెళ్లు. కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం 2017 ఏప్రిల్‌లో జరిగింది. 2019 ఆగస్టుకి సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. 2023 జులైకి పది లక్షల కార్లు పూర్తయ్యాయి. నీళ్లకు అల్లాడే ఆ ప్రాంతంలో గొల్లపల్లి రిజర్వాయరు నింపి ఫ్యాక్టరీకి నీళ్లిచ్చారు. అంత హడావిడిగా రైతుకి నీళ్లిచ్చారా అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అక్కడ పనిచేసే కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఫ్యాక్టరీ లేకపోతే ఎక్కడుండేవాడివి అని అడుగు. బెంగళూరులో అంటాడేమో. ఆ జవాబు నీ వాదనకి ఇబ్బందిగా ఉంటుంది. ఉండనీ, వ్యాసంలో పెట్టు. తర్వాత, కారులో పడే చిన్న చిన్న సామాన్లు ఎవరు చేస్తున్నారో వెతుకు. సప్లయర్లలో చాలామంది కియా వెంటే కొరియా నుంచి వచ్చారు. మనవాళ్ల చేతికొచ్చింది ఎక్కువగా బస్సులు, క్యాంటీన్లు, హాస్టళ్లు, అద్దె గదులు, లేబర్ కాంట్రాక్టు. అందులోంచి ఎవరైనా ఒక లేత్ షెడ్డువాడు సప్లయరుగా ఎదిగాడా? దొరికితే నీ కథ అతనే. దొరక్కపోతే దొరకలేదన్నదే కథ.

ఇక అసలు విషయం. నీ వ్యాసం మొత్తం ఎవరికెంత ఇచ్చారన్న దాని మీద నడిచింది. ఇన్నేళ్లలో నాకు అర్థమైందేమంటే, ఈ వ్యవహారంలో ఎంత అనేదానికంటే ఎప్పుడు అనేది ముఖ్యం. చిన్నవాడికి కాగితం మీద రాయితీలు తక్కువేం లేవు. పెట్టుబడి సబ్సిడీ, కరెంటు మీద రాయితీ, పావలా వడ్డీ, కట్టిన ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో రాష్ట్రం వాటా) వెనక్కివ్వడం, స్టాంపు డ్యూటీ మినహాయింపు... పాలసీ పుస్తకం తెరిస్తే కడుపు నిండిపోతుంది. తేడా ఎక్కడంటే, పెద్ద ప్రాజెక్టువాడు పుస్తకంలో ఉన్నదానితో సరిపెట్టుకోడు. వాడికి "టైలర్‌మేడ్" రాయితీలు ఉంటాయి, అంటే కూర్చుని బేరమాడి కుట్టించుకున్నవి. చిన్నవాడు పుస్తకంలో ఉన్నది తీసుకోవాలి, అదీ వరసలో నిలబడి.

ఆ వరస ఎలా ఉంటుందో ఒక ఫైలు పట్టుకుని చూడు. ఒకతను బ్యాంకులో అప్పు చేసి మిషన్ కొంటాడు. ఉత్పత్తి మొదలయ్యాక జిల్లా పరిశ్రమల కేంద్రంలో దరఖాస్తు పెడతాడు. ఇన్‌స్పెక్షన్ అవుతుంది, కమిటీ కూర్చుంటుంది, మంజూరు పత్రం చేతికొస్తుంది. ఆ పత్రాన్ని లామినేషన్ చేయించుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు. అప్పటికి డబ్బు రాలేదు. విడుదల వేరే సంగతి. బడ్జెట్ వస్తే, సీనియారిటీ ప్రకారం, ఎప్పటికో. ఈలోగా సబ్సిడీ వస్తుందని లెక్కేసుకున్న అప్పు మీద వడ్డీ ఏ నెలా ఆగదు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ, ఏ పార్టీ ఉన్నా, ప్రోత్సాహకాల బకాయిలు లేని సంవత్సరం నాకు గుర్తులేదు. 2020లో కరోనా సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "రీస్టార్ట్" పేరుతో చిన్న పరిశ్రమలకు ప్యాకేజీ ఇచ్చింది. అందులో ఎక్కువ భాగం అంతకుముందు ఏళ్ల నుంచి ఇవ్వాల్సిన పాత బాకీయే. బాకీ తీర్చడం కూడా సాయం కింద వార్తయింది. ఈమధ్య ఎస్క్రో ఖాతా, అంటే ఆ పనికే డబ్బు విడిగా ఉంచే ఖాతా పెట్టి ప్రోత్సాహకాలు నేరుగా ఇస్తామంటున్నారు. మంచిదే. ఆ ఖాతాలోంచి ముందు ఎవరి బిల్లు కదులుతుందో రెండేళ్లు ఓపిగ్గా చూసి రాసేవాడు కావాలి. నువ్వు రాస్తానంటే నాకు సంతోషం.

ఒక్క ఊరే చూడగలిగితే తెలంగాణలోని నేతన్నల ఊరు సిరిసిల్ల చూడు. అక్కడ మరమగ్గాన్ని పవర్‌లూమ్ అనరు, సాంచాలు అంటారు. యజమాని ఉంటాడు, అతని దగ్గర నూలు తీసుకుని తన సాంచాల మీద నేయించే ఆసామి ఉంటాడు, ఆసామి దగ్గర కూలికి నేసే కార్మికుడు ఉంటాడు. నువ్వు "చిన్న వ్యాపారి" అని ఒక్క మాటలో కట్టేసినవాడు అక్కడ మూడు మెట్లలో ఉన్నాడు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చింది, ఏటా కోటి చీరల దాకా. మొదటి ఏడు టైము చాలక కొన్ని సూరత్ నుంచి తెప్పించారు, దానిమీద గొడవా అయింది. తర్వాత సిరిసిల్ల అందుకుంది. నా లెక్కలో ఆ ఆర్డరు ఏ సబ్సిడీ కంటే కూడా గట్టి సాయం. నీ సరుకు కొంటానని ఎవరైనా చెబితే బ్యాంకువాడూ అప్పిస్తాడు, నూలు వ్యాపారీ అరువిస్తాడు. కానీ ఊరంతటికీ ఒకే ఖాతాదారుడు, వాడు ప్రభుత్వం. 2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, బతుకమ్మ చీరలు ఆగాయి, పాత బిల్లులు నిలిచాయి, సాంచాలు ఆగాయి. మహిళా సంఘాల చీరల పేరిట మళ్లీ ఆర్డరు వచ్చేసరికి నెలలు గడిచాయి.

ఆ నెలలు ఎలా గడిచాయో కనుక్కో. బిల్లు యజమానికి రావాలి, యజమాని ఆసామికి ఇవ్వాలి, ఆసామి కార్మికుడికి. పై మెట్టు మీద ఒక నెల ఆలస్యమైతే కింది మెట్టు మీద ఇంట్లో ఏది ఆగిపోయింది? కిరాణా ఖాతానా, చిట్టీ వాయిదానా, పిల్లల ఫీజా? ఎవరికి ఎంత బాకీ పడ్డాడో అడిగితే చెబుతారు, నీకు కూర్చునే ఓపిక ఉంటే. ఎవరో ఒకరు చనిపోతే తప్ప మన పత్రికలకి సిరిసిల్ల గుర్తురాదు. నువ్వు మామూలు రోజున వెళ్లు.

చిన్నవాళ్ల మీద నీకున్న ప్రేమ నాకు నచ్చింది గానీ, కాస్త తగ్గించు. చిన్న వ్యాపారమంతా మంచిదనుకుంటే ఎలా? శ్రీసిటీలో ఫోన్లు బిగించే అమ్మాయికి పీఎఫ్, ఈఎస్ఐ కటింగులు ఉంటాయి, కంపెనీ బస్సు ఉంటుంది. నీ ఊళ్లో బట్టల షాపులో పొద్దుణ్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయికి ఇవేవీ ఉండకపోవచ్చు. పదిమంది లోపు ఉంటే ఈఎస్ఐ వర్తించదు, ఇరవైమంది లోపు ఉంటే పీఎఫ్ తప్పనిసరి కాదు. పందొమ్మిదో మనిషి దగ్గర రిజిస్టరు ఆపేసేవాళ్లు ఉంటారు, వాళ్లూ "స్థానిక చిన్న వ్యాపారులే". ఆ అమ్మాయిని కూడా కలిసి రా.

కిరాణా కొట్టునీ వెల్డింగ్ షెడ్డునీ నువ్వు ఒకే వాక్యంలో పెట్టావు. చట్టం అలా పెట్టదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ మెలిక పెట్టారు. గడువులో కట్టకపోతే, కట్టేదాకా కొన్నవాడు ఆ ఖర్చు చూపించుకోలేడు. కిరాణా కొట్టు ఉద్యమ్‌లో (చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) నమోదు చేసుకోవచ్చు, బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం దొరుకుతుంది, కానీ ఈ 45 రోజుల రక్షణ వ్యాపారులకు రాదు. ఇక షెడ్డువాడు. చట్టం అతని వైపే ఉంది, ఫిర్యాదుకి ఆన్‌లైన్ పోర్టలూ ఉంది. అయినా ఎందుకు వెయ్యవయ్యా అంటే, "వేస్తే వచ్చే ఆర్డరు ఎవరిస్తాడు సార్" అంటాడు. నిన్ను కూడా పేరు రాయొద్దంటాడు. రాయకు. ఊరు కూడా రాయకు, ఎందుకంటే అలాంటి సామాను చేసే షెడ్డు ఆ ఊళ్లో ఒకటే ఉండొచ్చు.

ఇప్పుడు చెయ్యాల్సింది. మొదటి మూడు పేరాలు కొట్టెయ్, వెండి పళ్లెం వాక్యం ఉంచుకోవాలనుంటే మధ్యలో ఎక్కడైనా ఉంచుకో. మీ జిల్లా పరిశ్రమల కేంద్రానికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టు. ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "వివరాలు ఇవ్వగలరు" అని గాలికి రాస్తే వాళ్లూ గాలికే జవాబిస్తారు. గత అయిదేళ్లలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు మంజూరైన ప్రోత్సాహకాలు ఎన్ని, ఒక్కోదానికి దరఖాస్తు తేదీ, మంజూరు తేదీ, విడుదల తేదీ ఏమిటి, ఇంకా విడుదల కానివి ఎన్ని, ఎంత మొత్తం? ఇంతే అడుగు. అవే ప్రశ్నలు మెగా ప్రాజెక్టుల గురించి రాష్ట్ర పరిశ్రమల శాఖకు విడిగా పెట్టు, రెండూ ఒకే కాగితంలో కలపకు, కలిపితే ఇది మా పరిధి కాదని అటూ ఇటూ తిప్పుతారు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. జవాబు వచ్చేదాకా సిరిసిల్ల వెళ్లి రా. రాసింది నాకు టైపు చేసి పంపు, వాట్సాప్‌లో ఫొటో తీసి పంపితే నా కళ్లకి ఆనడం లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య