మినికాయ్ వాళ్లు మాల్దీవుల వాళ్లా, మనవాళ్లా?

అడిగినాయన ప్రశ్న ఇదీ: లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో మాట్లాడేది మాల్దీవుల భాషేనట కదా, మరి ఇండియా కింద ఉన్నందుకు అక్కడివాళ్లకు బాధేం లేదా, తమను ఎవరనుకుంటారు, మనం వెళ్లి చూడొచ్చా?

నాది వైజాగ్, మర్చంట్ నేవీలో ఇంజిన్ సైడ్. ఓడల మీద తిరిగేవాళ్లకు మినికాయ్ కొత్తేం కాదు, ఆ దీవి మగవాళ్లలో చాలామందికి తరాలుగా ఓడ ఉద్యోగమే బతుకుతెరువు. నేను చేసిన ఒక ఓడలో బోసన్, అంటే డెక్ మీద పనివాళ్లకు పెద్ద, అక్కడివాడే. తర్వాత ఆయనే స్పాన్సర్‌గా ఉండి పర్మిట్ ఇప్పిస్తే వాళ్లింట్లో కొన్నాళ్లు ఉండి వచ్చాను.

వాళ్ల భాష మహల్ అంటే మాల్దీవుల భాష దివేహిలో ఒక యాస. రాసేది థానా లిపిలో, కుడి నుంచి ఎడమకు. మిగతా లక్షద్వీప్ అంతా మలయాళం. మ్యాప్ తీసి చూడండి, ఎందుకో తెలుస్తుంది: ఉత్తరాన ఉన్న లక్షద్వీప్ దీవి కల్పేనికి దాదాపు 200 కిలోమీటర్లు, దక్షిణాన మాల్దీవుల మొదటి దీవికి సుమారు 130. అయినా శతాబ్దాల కిందటే కేరళలోని కన్నూరు అరక్కల్ రాజవంశం చేతికి వెళ్లింది, వాళ్ల దగ్గర్నుంచి బ్రిటిష్ వాళ్లకు, 1956లో కేంద్రపాలిత ప్రాంతంలోకి. 1976లో రెండు దేశాలూ సముద్ర సరిహద్దు గీసుకున్నాయి. 1982లో అప్పటి మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ సోదరుడు మినికాయ్ మాల్దీవుల్లో భాగమన్నట్టు మాట్లాడితే పెద్ద దుమారమే రేగింది, చివరికి మేమన్నది సంస్కృతి గురించే, దీవి మాదని కాదు అని మాల్దీవుల ప్రభుత్వం సర్దిచెప్పింది. దీని గురించి కదిపితే మా బోసన్ నవ్వేసి, "అప్పుడు కూడా మమ్మల్ని ఎవరూ అడగలేదులే" అన్నాడు.

విలీనం, ఉద్యమం లాంటి మాటలు నాకైతే ఎవరి నోటా వినపడలేదు. ఇండియా సీడీసీ బుక్కు, అదే ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం, చేతిలో ఉంటేనే ఓడ ఉద్యోగం, ఆ జీతాల మీదే సగం ఇళ్లు లేచాయి, పైగా దీవి వాళ్లకు ఎస్టీ హోదా ఉంది. ఇదంతా వదులుకుని అటు వెళ్దామని ఎవరనుకుంటారు చెప్పండి. వాళ్లు ఉదయం నుంచి రాత్రి దాకా తిట్టుకునేది ఓడ టికెట్‌ని. ఎయిర్‌పోర్ట్ లేదు. పెద్ద జబ్బు చేస్తే కొచ్చి, హైకోర్టు కేసైనా కొచ్చి, అంటే సుమారు 400 కిలోమీటర్లు. వాన రోజుల్లో ఓడ ఎప్పుడొస్తుందో, టికెట్ దొరుకుతుందో లేదో అని ఒకటే టెన్షన్. ఇంకో విడ్డూరం, దక్షిణాన పక్కనే ఉన్న మాల్దీవులకు వెళ్లాలన్నా ముందు కొచ్చికి ఓడెక్కి, అక్కణ్నుంచి మాల్దీవుల రాజధాని మాలేకు విమానం పట్టుకోవాలి. ఒకప్పుడు తాతలు పడవ వేసుకుని పోయిన దారి అది.

గుచ్చుకునేది మరొకటి ఉంది. వాళ్లు సొంత లక్షద్వీప్‌లోనే మైనారిటీ. 2011 లెక్కల్లో మొత్తం జనాభా 64 వేలు, అందులో వీళ్లు పదివేల పైచిలుకు. ఉన్నది ఒకే ఎంపీ సీటు. ఆఫీసుకు వెళ్తే మలయాళం. మన యానాం పేరుకు పుదుచ్చేరి అయినా గోదావరి మీద వంతెన దాటితే అవతల తెలుగే కదా, వీళ్లకు ఆ సుఖం లేదు. మహల్ మాట్లాడే మరో ఊరు కావాలంటే పాస్‌పోర్ట్ తీయాల్సిందే.

ఊళ్లో మాత్రం రాజ్యం వాళ్లదే. మొత్తం 11 పేటలు, ఒక్కోదానికి బోడుకాక అనే పెద్దాయన, ఆడవాళ్ల తరఫున బోడుతాత. (మన తాత కాదండోయ్, ఆడమనిషే.) ఆస్తి తల్లి వైపు నుంచి వస్తుంది, పెళ్లయ్యాక మగవాడే భార్య ఇంటికి వెళ్తాడు. మగాళ్లు నెలల తరబడి సముద్రం మీద ఉంటే ఇల్లూ పేటా నడిపేది ఆడవాళ్లే మరి. మా బోసన్ డెక్ మీద అందరినీ గడగడలాడించేవాడు, ఇంట్లో మాత్రం అత్తగారు చెప్పిన చోట కూర్చునేవాడు.

చేపల వేట ఒక్కసారైనా చూడాలి. తెల్లవారకముందే లగూన్‌లో, అంటే దీవికీ పగడపు దిబ్బకీ మధ్య లోతు తక్కువ నీళ్లలో, చిన్న చేపల్ని వలేసి పట్టి, పడవలో నీళ్లు నింపిన అరలో బతికుండగానే ఉంచుతారు. సూర చేపలు, అదే ట్యూనా, గుంపు కనపడగానే ఆ ఎర విసిరి, పైన నీళ్లు చిమ్ముతారు. ఇక పడవ వెనక వరసగా నిలబడ్డవాళ్లు గెడలు ఎత్తడం, తల మీదుగా చేప వెనక్కి పడటం, గాలానికి చేపను పట్టి ఉంచే ఎదురు ముల్లు ఉండదు కాబట్టి దానంతటదే ఊడిపోవడం, అంతా క్షణాల్లో. ఆ చేపల్నే ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెడితే మాస్‌మిన్. మా బోసన్ ఓడ మీదికి మూట కట్టుకుని తెచ్చేవాడు, సన్నగా తరిగి కొబ్బరి, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపితే అన్నంలోకి అదిరిపోయేది. ఇదే వంట మాలేలోనూ తింటారు.

వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు, కానీ మనం ఇండియన్స్‌మే అయినా పర్మిట్ తప్పనిసరి. దీవిలో తెలిసినవాళ్లు ఉంటే వాళ్ల స్పాన్సర్‌షిప్ మీద, లేదంటే లక్షద్వీప్ టూరిజం ప్యాకేజీలో. 1885 నాటి లైట్‌హౌస్ ఎక్కండి. మందు సీసాలు మాత్రం బ్యాగులో పెట్టకండి, అక్కడ నిషేధం. తిరుగు టికెట్ చేతిలో లేకుండా అస్సలు బయల్దేరకండి.