మాంటిస్సోరి బడికి కృతజ్ఞత ఎలా తెలపాలి: పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు, హనుమకొండ నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఈ ఏప్రిల్‌తో పాప మాంటిస్సోరి బడిలో మూడేళ్లు పూర్తిచేసుకొని, ఒకటో తరగతికి వేరే బడిలో చేరబోతున్నదని, అక్కడి టీచర్లకు మీ దంపతుల కృతజ్ఞత ఎలా తెలపాలో తోచడం లేదని, తలా ఒక చీర పెట్టి శాలువా కప్పితే సరిపోతుందా అని అడిగావు. చీర పెట్టడం మన మర్యాద, నేను కాదనను. కానీ అటువంటి బడిలో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: టీచరు ఏళ్ల తరబడి బీరువాలో భద్రంగా దాచుకొనేది తల్లిదండ్రులు స్వయంగా రాసి ఇచ్చిన ఉత్తరాన్ని. కాబట్టి ముందు ఉత్తరం సంగతి చూడండి.

‘మీ బడి చాలా బాగుంది, మా పాప ఎంతో నేర్చుకుంది’ అని రాస్తే అది ఏ బడికైనా సరిపోయే మాట అవుతుంది. ఇంట్లో నువ్వు కళ్లారా చూసినది రాయి. మొన్న బతుకమ్మ పండుగకు మీరు వచ్చినప్పుడు, సర్వపిండి తిన్న తరువాత పాప చిన్న చెంబును రెండు చేతులతో పట్టుకొని తన గ్లాసులో నీళ్లు పోసుకున్నది. నాలుగు చుక్కలు నేలమీద పడితే, ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి గుడ్డ తెచ్చి, తుడిచి, ఆ గుడ్డను మళ్లీ కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నది. ఆ సాయంత్రం పూలు పేరుస్తున్నప్పుడు తంగేడును ఒకవైపు, గునుగును ఒకవైపు వేరుచేసి, కాడలు పొట్టివో పొడుగువో చూసుకుంటూ నా చేతికి అందించింది. ఇవి రాయి. రోజు, సందర్భం, పాప అన్న మాట గుర్తుంటే వాటితో సహా రాయి.

ఇంత చిన్న విషయాలు ఎందుకని నీకు అనిపించవచ్చు. ఆ టీచర్ల శ్రమ అంతా అక్కడే ఉన్నది, బిడ్డా. నీళ్లు వంచడం, చెంచాతో గింజలు ఒక గిన్నెలోనుంచి మరొక గిన్నెలోకి తీయడం, గుండీలు పెట్టడం, చాప చుట్టడం అనేవి ఆ బడిలో పాఠాల కిందే లెక్క. పాప చెప్పే గులాబీ రంగు గోపురం అంటే పెద్దదానిమీద చిన్నది పేర్చే ఆటవస్తువు, అందులో పది ఘనాలు ఉంటాయి, అన్నిటికన్నా పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక్క సెంటీమీటరు. వరుస తప్పితే గోపురమే ఆ తప్పును చూపిస్తుంది, టీచరు నోరు తెరవవలసిన పని ఉండదు. గరుకు, నునుపు నేర్పేటప్పుడు కూడా ముందు ‘ఇది గరుకు, ఇది నునుపు’ అని పేరు చెబుతారు, ఆ తరువాత ‘గరుకుది చూపించు’ అంటారు, చివరకే ‘ఇది ఏమిటి?’ అని అడుగుతారు. బిడ్డ తడబడితే ‘తప్పు’ అనకుండా ఆ పాఠాన్ని అంతటితో ఆపి, మరొక రోజు మళ్లీ మొదలుపెడతారు. పిల్ల గుండీ పెట్టుకోలేక అవస్థ పడుతుంటే చేయి చాచి పెట్టేయడం క్షణంలో పని, పెట్టకుండా కూర్చొని చూడడానికి ఎంతో నిగ్రహం కావాలి. ఆ నిగ్రహాన్ని తల్లిదండ్రులు గుర్తించారని తెలిసినప్పుడు టీచరుకు కలిగే తృప్తి నాకు అనుభవమే. ‘మీరు తొందరపెట్టలేదు, అందుకే మా పాప ఇప్పుడు ఏ పనినీ మధ్యలో వదలడం లేదు’ అని ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి.

ఈ పద్ధతిలో తల్లిదండ్రులకు మొదటినుంచీ స్థానం ఉన్నది. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి ‘పిల్లల ఇల్లు’ అనే తన మొదటి బడిని తెరిచినప్పుడు, కూలినాలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలే అక్కడికి వచ్చారు. పిల్లలను శుభ్రంగా పంపడం, టీచరును గౌరవించడం, ఆమెతో కలిసి మాట్లాడుకోవడం తల్లుల బాధ్యతగా ఆ ఇంటి నియమాలలోనే రాశారు. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి, అడయారులో మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, యుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండిపోయారు.

ఉత్తరంలో కొన్ని మాటలు వద్దు. ‘పక్కింటి పిల్లవాడికి ఇంకా అక్షరాలే రావు, మా పాప అప్పుడే కథల పుస్తకం చదువుతున్నది’ అని పోల్చకు. ఆ పక్కింటి పిల్లవాడు కూడా రేపు వాళ్ల బడికే రావచ్చు. అల్లుడు కూడా తన మాటగా నాలుగు వాక్యాలు తన చేతితో రాయాలి, నువ్వు రాసినదాని కింద సంతకం పెడితే చాలదు. పిల్లలు తడుపుకొన్న బట్టలు మార్చి, ఏడ్చే పసివాళ్లను ఎత్తుకొన్న ఆయమ్మను మరచిపోవద్దు. ఆమెకు చదివి వినిపించినా అర్థం కావాలి కాబట్టి తెలుగులోనే రాయండి. పాపకు ఒక వేరే కాగితం ఇచ్చి, బొమ్మ వేసినా సరే, అక్షరాలు పేర్చినా సరే, తనకు తోచినది పెట్టమను. అక్షరదోషాలు ఉంటే ఉండనివ్వు, దిద్దవద్దు.

ఏదైనా వస్తువు కూడా ఇవ్వాలని అల్లుడికి ఉంటే, చీరలకన్నా బడికి పనికివచ్చేది ఇవ్వండి. అక్కడ పిల్లలు ఎవరి చాప వాళ్లు పరచుకొని, దానిమీదే పని చేసుకుంటారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ దర్రీలు అందుకు చక్కగా సరిపోతాయి, కొత్తవాడ నేతగాళ్లతో మాట్లాడి చిన్న కొలతలో నేయించవచ్చు. పువ్వులు, గీతలు ఉన్నవి వద్దు, పైన పెట్టిన వస్తువు స్పష్టంగా కనబడాలంటే లేతరంగులో సాదాగా ఉండాలి. ముందుగా కొలత, సంఖ్య టీచరును అడిగి నాకు చెబితే, నేత సంగతి మీ పెద్దనాన్న చూసుకుంటారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. జూన్‌లో కొత్త బడి మొదలైన తరువాత పాపకు ఎవరో ఒకరు అన్నం కలిపి నోట్లో పెడుతూ, బూట్లు తొడుగుతూ, సంచి మోస్తూ ఉంటే, ఎంత గొప్పగా రాసిన ఉత్తరమైనా వట్టి కాగితమే అవుతుంది. తువ్వాలు తగిలించుకోవడానికి పాపకు అందే ఎత్తులో ఒక కొక్కెం కొట్టించు. మక్క కంకులు ఒలిచేటప్పుడు, చిక్కుడు కాయలు తుంచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకో, ఆలస్యమైనా కానివ్వు. మీ అత్తమ్మకు మనవరాలి మీద ప్రేమ ఎక్కువ, ‘ఎందుకమ్మా పసిదానికి పని’ అంటుంది. ఆమెతో వాదించకుండా, పాప చేత ఆమెకే మంచినీళ్లు తెప్పించి ఇప్పించు, నాలుగు రోజుల్లో ఆమే అందరికీ చెప్పుకొని మురిసిపోతుంది. కొత్త బడి టీచరు ముందు మాత్రం పాత బడిని పొగడకు, ఆమెకు తరగతి నిండా పిల్లలు, ఆమె కష్టం ఆమెది. పాపకు తన పని తాను చేసుకొనే అలవాటు ఉన్నదని, కొంచెం సమయం ఇస్తే చేసుకుంటుందని మొదటి వారంలోనే ఒకసారి నెమ్మదిగా చెప్పు.

చివరి రోజు వీడ్కోళ్ల సందడిలో ఉత్తరం చేతిలో పెడితే చదివే తీరిక వాళ్లకు ఉండదు. బడి మూయడానికి ఒక వారం ముందే, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయిన తరువాత మీరిద్దరూ కలిసి వెళ్లి ఇవ్వండి. చిత్తుప్రతి సిద్ధం కాగానే ఫోనులో నాకొకసారి చదివి వినిపించు. అల్లుడికి, మీ అత్తమ్మకు, మామయ్యకు మా నమస్కారాలు, పాపకు ముద్దులు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ