యుద్ధంలో పోలేదు కదా అన్నారు.. మావారి డబ్బును, జ్ఞాపకాన్ని ఎలా కాపాడుకోను?

ప్రశ్న: మావారు నేవీలో పెట్టీ ఆఫీసర్. పదమూడేళ్ల సర్వీసు. కిందటి ఏడాది డ్యూటీ మీద వెళ్తుండగా హెలికాప్టర్ కూలి చనిపోయారు. నాకు 33 ఏళ్లు. పాపకు ఏడు, బాబుకు నాలుగు. గోపాలపట్నంలో అద్దెకుంటున్నాం. అన్నీ కలిపి 92 లక్షలు వచ్చాయి, ఒక్క పొదుపు ఖాతాలోనే ఉన్నాయి. అందులో 8 లక్షలు ఆయన సొంతంగా దాచినవి. పెన్షన్ 23,000, దానిపై కరువు భృతి. ఆయన ఆఖరి బేసిక్, మిలిటరీ సర్వీస్ పే కలిపి 46,000. ఇంటి ఖర్చు పెన్షన్‌తో గడిచిపోతోంది. శ్రీకాకుళం జిల్లాలోని అత్తవారి ఊళ్లో మావారి విగ్రహం పెట్టి, ఊరి మొదట్లో ఆర్చి కట్టిద్దామంటున్నారు మామగారు. 12 లక్షలవుతుందట. మా అన్నయ్యేమో భోగాపురం దగ్గర రెండు ప్లాట్లు కొనెయ్యమంటున్నాడు. మావారు అత్తమామలకు నెలనెలా 5,000 పంపేవారు, ఇప్పుడది ఆగిపోయింది. బంధువు ఒకాయన ‘యుద్ధంలో పోలేదు కదా, ఇంకేమీ రాదులే’ అన్నారు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ బంధువు మాట సంగతి చూద్దాం. ఆ మాట తప్పు. మనిషిగా తప్పు, లెక్క ప్రకారం కూడా తప్పే.

దేశసేవలో ఉన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునేది యుద్ధంలోనే కాదు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానంలో 29 మంది ఉన్నారు. అందులో ఎనిమిది మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. ఆ సెప్టెంబరులో అందరూ చనిపోయినట్టే భావించాలని ప్రకటించారు. శకలాల జాడ 2024 జనవరిలో గానీ బయటికి రాలేదు. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దొరికాయి. ఏడేళ్లకు పైగా ఆ ఇళ్లవాళ్లు ఎలా గడిపారో మన ఊళ్లో చాలామందికి తెలియదు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయినవాళ్లలో అప్పటి చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నారు. ఆ రోజు అక్కడా యుద్ధం లేదు. అయినా రాష్ట్రం ఆ కుటుంబానికి 50 లక్షలు ఇచ్చింది.

మన బీచ్ రోడ్డులో 1971 విజయానికి గుర్తుగా ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఉంది, దగ్గర్లోనే కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం ఉన్నాయి. శిక్షణలోనో, డ్యూటీ ప్రయాణంలోనో విమానం కూలి పోయినవాళ్లను రోజూ గుర్తుచేసేది ఆ దారిలో కనిపించదు. అందుకే మీ మామగారి కోరికను నేను తేలిగ్గా తీసుకోను. దాని దగ్గరకు వస్తాను. ముందు తేల్చాల్సినవి ఉన్నాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన అంకె 23,000. అది 46,000కు సరిగ్గా సగం. అంటే మీకిప్పుడు వస్తున్నది సాధారణ కుటుంబ పెన్షన్, పెంచిన రేటులో ఇస్తున్నది. ఆ రేటు పదేళ్లే. తర్వాత 30 శాతానికి, అంటే 13,800కు దిగిపోతుంది. ఇంకో తొమ్మిదేళ్లకు పాపకు 16, బాబుకు 13. చదువుల ఖర్చు తలకు మించే సమయానికి పెన్షన్ తగ్గుతుందన్నమాట.

డ్యూటీలో ఉండగా విమాన ప్రమాదంలో పోయినవారి మరణాన్ని సర్వీసు కారణంగా జరిగినదిగా గుర్తించాలి. పెన్షన్ నిబంధనల్లో విమాన ప్రమాదాన్ని పేరుపెట్టి మరీ ఆ కోవలో చేర్చారు. అలా గుర్తిస్తే వచ్చేది స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్. 60 శాతం, మీ లెక్కలో 27,600, దానిపై కరువు భృతి. పదేళ్ల తర్వాత తగ్గే షరతు దీనికి లేదు. శత్రువుతో పోరులో పోయినవారి కుటుంబాలకిచ్చే లిబరలైజ్డ్ పెన్షన్‌లో నూరు శాతం వస్తుంది, అది మీకు వర్తించదు. యుద్ధం కాదన్నందుకు పెన్షన్‌లో తేడా అంతవరకే. ఏమీ రాదన్న మాట మాత్రం నిజం కాదు.

బోర్డ్ ఆఫ్ ఎంక్వయిరీ (ప్రమాదంపై జరిపే విచారణ) నివేదిక అందకముందే మీకు సాధారణ పెన్షన్ మొదలుపెట్టి ఉండొచ్చు. మీ పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) తీసి, పైన ఏ రకం పెన్షన్ అని రాశారో చదవండి. ‘స్పెషల్’ అన్న మాట లేకపోతే ఈ వారంలోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ‘మావారి మరణం సర్వీసు కారణంగా జరిగిందని గుర్తించారా, లేదా, గుర్తిస్తే ఆ ఆర్డర్ నకలు ఇప్పించండి’ అని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో వదలొద్దు. మంజూరైతే బకాయిలతో సహా వస్తుంది. కాదంటే అప్పీలుంది, ఆ పైన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. 92 లక్షలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కంటే ఇదే పెద్దది. ఎందుకంటే ఇది మీకు జీవితాంతం వచ్చే ఆదాయం.

అదే రోజు ఇంకో మూడు విషయాలు చూసుకోండి. డ్యూటీలో ప్రమాదవశాత్తు పోయినవారికి కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా 25 లక్షలు. మీ 92 లక్షల్లో అది ఉందో లేదో విడిగా చూడండి. పదకొండేళ్లు దాటి ఇరవై నిండని సర్వీసుకు డెత్ గ్రాట్యుటీ జీతానికి 20 రెట్లు. ఆ అంకె సరిపోయిందా చూడండి. మూడోది చాలా ఇళ్లలో మరిచిపోతారు. ఆయన జీతం పడిన ఖాతా డిఫెన్స్ శాలరీ ప్యాకేజీలో ఉంటే, ప్రీమియం కట్టకుండానే ప్రమాద బీమా ఉంటుంది. కొన్ని బ్యాంకులు విమాన ప్రమాదానికి విడిగా ఎక్కువ మొత్తం ఇస్తాయి. నేవీ గ్రూప్ ఇన్సూరెన్స్‌కు దీనితో సంబంధం లేదు. అది వచ్చింది కాబట్టి ఇదీ వచ్చేసిందనుకోవద్దు. క్లెయిమ్‌కు గడువు ఉంటుంది, ఇప్పటికే ఏడాదయింది. బ్రాంచికి వెళ్లి దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఆయన డెబిట్ కార్డు మీద ఏమైనా బీమా ఉందేమో కూడా అడగండి.

ఇక 92 లక్షల సంగతి. నెల గడవడానికి ఆ డబ్బు అక్కర్లేదన్నారు కాబట్టి మీకు తొందర లేదు. తొందర ఉన్నది మీ చుట్టూ ఉన్నవాళ్లకు. ఇంకో ఏడాది వరకు ఏ పెద్ద నిర్ణయమూ వద్దు. ప్లాటు వద్దు, ఇల్లు వద్దు, బంధువులకు చేబదులు వద్దు, బ్యాంకులో కూర్చోబెట్టి చూపించే బీమా పాలసీ వద్దు. అలాగని అంతా ఒకే పొదుపు ఖాతాలో ఉండటమూ మంచిది కాదు. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు బీమా రక్షణ 5 లక్షల వరకే. ప్రభుత్వ రంగ బ్యాంకులు రెండు మూడు చూసుకుని, ఏడాది కాలానికి ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి. ఒక్కోటి ఐదు, పది లక్షల చొప్పున విడగొట్టండి. అవసరానికి ఒకటి రద్దు చేసుకున్నా మిగతావి కదలవు. 5 లక్షలు మాత్రం పొదుపు ఖాతాలో చేతికి అందేలా ఉంచుకోండి.

అన్నయ్య మీ మేలు కోరే చెబుతున్నారు, అందులో అనుమానం లేదు. కానీ భోగాపురం ప్లాటు నెలకు ఒక్క రూపాయి తేదు. పాప ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సిన నెలలోనే అది అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. పిల్లల పేరు కలిపి కొంటే మరో చిక్కుంది. మైనర్ల వాటాలోని స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మలేదు. ఏడాది తర్వాత కూడా భూమి మీద మనసుంటే ఒక్కటే చూడండి. వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదం ఉన్న లేఅవుట్‌లో, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించాకే. మొత్తం డబ్బులో ఐదో వంతు దాటకూడదు.

పాప పేర సుకన్య సమృద్ధి ఇప్పుడే తెరవండి. పదేళ్లు నిండకముందే తెరవాలి. ఏడాదికి లక్షన్నర వరకు కట్టొచ్చు, పద్దెనిమిది దాటాక చదువుకు సగం తీసుకోవచ్చు. బాబు పేర పీపీఎఫ్. పదిహేనేళ్ల దాకా అక్కర్లేని సొమ్ములో కొంత, రెండో ఏడాది నుంచి, ఇండెక్స్ ఫండ్‌లోకి (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) నెలనెలా మెల్లగా మళ్లించవచ్చు. ఒకేసారి మాత్రం వేయొద్దు.

పన్ను గురించి క్లుప్తంగా. ఎక్స్‌గ్రేషియా, బీమా సొమ్ము, గ్రాట్యుటీ మీద పన్ను లేదు. వాటి మీద వచ్చే వడ్డీ మీద ఉంది. మీ కుటుంబ పెన్షన్ కూడా పన్ను లెక్కలోకి వస్తుంది. యుద్ధం, ఉగ్రవాద దాడుల వంటి వాటిలో పోయినవారి కుటుంబాలకుండే మినహాయింపు ఇలాంటి ప్రమాదాలకు సాధారణంగా దొరకదు. కొత్త పన్ను విధానంలో కుటుంబ పెన్షన్ నుంచి మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గిస్తారు. పెన్షన్, వడ్డీ కలిపి 12 లక్షలు దాటకపోతే కట్టాల్సింది ఉండదు. రిటర్న్ మాత్రం తప్పక వేయండి, బ్యాంకు కోసుకున్న టీడీఎస్ వెనక్కి వస్తుంది.

ఇప్పుడు మామగారి విగ్రహం. కొడుకు పేరు ఊరు మరిచిపోతుందేమోనన్న భయం ఆ పెద్దాయనది. ‘వద్దు’ అన్న ఒక్క మాటతో సరిపెడితే ఆయన గుండె కోసినట్టవుతుంది. అయితే 12 లక్షలు పెట్టి ఆర్చి కడితే ఆ డబ్బు తిరిగి రాదు. ఏటా రంగులు వేయించే బాధ్యత ఎవరిదో తేలదు. పైగా ప్రజా రహదారుల మీద విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పంచాయతీ ఒప్పుకున్నా రేపు తొలగించమంటే మీకు అంతకన్నా బాధ ఉండదు.

నా సలహా ఇది. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీంలో మీ ఒక్కరి పేర 9 లక్షలు వేయండి, ఒక్కరి ఖాతాకు గరిష్ఠం అంతే. 7.4 శాతం వడ్డీ లెక్కన నెలకు 5,550 వస్తుంది. ఆ వడ్డీ మీ ఖాతాలో పడిన రోజే అత్తగారి ఖాతాకు వెళ్లిపోయేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. మీవారు పంపిన 5,000 మళ్లీ వాళ్ల ఇంటికి చేరుతుంది. ఐదేళ్లకోసారి తిరిగి వేసుకుంటూ పోండి, అసలు సొమ్ము మీ పిల్లలదే. ఇంకో 2 లక్షలు విడిగా డిపాజిట్ చేసి, ఏటా వచ్చే వడ్డీతో ఆయన చదివిన బడిలో పదో తరగతి పిల్లలకు ఆయన పేర బహుమతి, పుస్తకాలు ఇవ్వండి. ట్రస్టు పెట్టొద్దు, ఆడిట్లు, రిటర్నుల భారం మీకెందుకు? డిపాజిట్ మీ పేరనే ఉంచండి. బహుమతి మామగారి చేతుల మీదుగా ఇప్పించండి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడి గోడకు ఒక గ్రానైట్ పలక పెట్టించండి. పేరు, హోదా, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, ‘విధి నిర్వహణలో’ అన్న మాట. మొత్తం మీద అసలు కరగదు, ఖర్చు ఒక్క పలకకే.

ఈ మాట మామగారితో ఫోన్లో చెప్పొద్దు. ఊరికి వెళ్లి, అత్తగారు కూడా ఉండగా చెప్పండి. చట్టం సంగతీ తెలిసి ఉండాలి. పెన్షన్ మీది. కానీ ఆయన సొంతంగా దాచిన 8 లక్షల్లో, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకు, ఇద్దరు పిల్లలకు, అత్తగారికి సమాన వాటాలు. నామినీ మీరైనా సరే, అత్తగారి 2 లక్షలు అత్తగారివే. ఆమె అడగకముందే మీరే ఇవ్వండి. చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఈ 2 లక్షల దగ్గరే. అదయ్యాక విగ్రహం మాట ఎత్తితే వినే తీరు వేరుగా ఉంటుంది.

మీరు ఈసీహెచ్‌ఎస్‌లో (మాజీ సైనికుల కుటుంబాల వైద్య పథకం) చేరారో లేదో రాయలేదు. చేరకపోతే చేరండి, మీకూ పిల్లలకూ వైద్యం దాని ద్వారా నడుస్తుంది. పాప ఇంటర్ తర్వాత వృత్తివిద్యా కోర్సులో చేరితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకంలో ఆడపిల్లలకు నెలకు 3,000 వస్తుంది. సర్వీసు కారణంగా పోయినవారి పిల్లలకు అందులో ప్రాధాన్యం ఉంది. అందుకోసం కూడా పైన చెప్పిన గుర్తింపు ఆర్డర్ మీ దగ్గర ఉండాలి.

చివరిగా మీ వీలునామా. మీకేమైనా అయితే పిల్లల్ని ఎవరు పెంచాలో, డబ్బు ఎవరు చూడాలో అందులో రాయండి. పెంచేవారు ఒకరు, డబ్బు చూసేవారు ఇంకొకరు అయితే మేలు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం చేసి, వాళ్ల చేత కూడా చేయిస్తే చెల్లుతుంది. రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. పెన్షన్ ఆఫీసు నుంచి అంటూ ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పొద్దు. రక్షణ శాఖ పెన్షన్లు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో ఏటా గడువులోగా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరిచిపోవద్దు.