సర్పిల గెలాక్సీ గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఎం51 గెలాక్సీని ఎంచుకోవడం బాగుంది. 1845లో లార్డ్ రాస్ ఐర్లండులోని బిర్ కోటలో 72 అంగుళాల టెలిస్కోపుతో చూసి, సర్పిలంగా బొమ్మ గీసింది దీనినే. అయితే గెలాక్సీ నడుమనుంచి వంపు తిరిగి సాగే వెలుగు పాయల గురించి నువ్వు రాసిన ‘భుజాలు నక్షత్రాలతో చేసిన చక్రపు ఆకులు’ అన్న వాక్యాన్ని కొట్టివేయక తప్పదు. లోపలి నక్షత్రాలు తమ చుట్టును త్వరగాను, బయటివి ఆలస్యంగాను ముగిస్తాయి కాబట్టి, భుజంలో ఎప్పుడూ అవే నక్షత్రాలుంటే అది కొన్ని చుట్లకే దారపుండలా బిగుసుకుపోయేది. 1964లో శాస్త్రవేత్తలు లిన్, షూ చెప్పిన సాంద్రతా తరంగాన్ని, అంటే నక్షత్రాలూ వాయువూ కిక్కిరిసిన చోటు అలలా సాగిపోవడాన్ని, నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు; అసలు వ్యాసం అక్కడే ఉంది. చెరకు లోడు ట్రాక్టరు వెనక బళ్లు గుమిగూడడం చూసే ఉంటావు: ఒక్కొక్కటీ దాటిపోతుంది, కొత్తది వచ్చి చేరుతుంది, గుంపు మాత్రం ట్రాక్టరుతోపాటు నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. పోలికలోని లోపం కూడా రాయి: అక్కడ ట్రాక్టరు లేదు, గుంపు గురుత్వమే వచ్చినవాటిని కాసేపు పట్టి ఉంచుతుంది. ఎం51 విషయంలో పక్కనున్న చిన్న గెలాక్సీ లాగుడు కూడా దానికి తోడయింది.

ఇక ఫొటోను దగ్గరగా చూడు. భుజం లోపలి అంచున నల్లని ధూళి చార, దాన్ని ఆనుకుని గులాబీ చుక్కలు, ఆపైన నీలి నక్షత్రాల గుంపులు. నువ్వు రంగులుగా వర్ణించి వదిలేసిన ఆ వరుసలోనే కాలక్రమం ఉంది. వాయువు లోపలి అంచునుంచి వచ్చి నొక్కుకుపోతుంది. సున్నాకు దిగువన 263 డిగ్రీల చలిలో, గురుత్వం పీడనాన్ని మించిన ముద్దలు తమలోకి తామే కుంగి నక్షత్రాలవుతాయి. వాటిలో భారీవాటి అతినీలలోహిత కాంతికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ గులాబీగా వెలుగుతుంది. ఆ భారీ నక్షత్రాలు భుజం దాటి దూరం పోకముందే, కొన్ని పదుల లక్షల ఏళ్లకే ముగిసిపోతాయి. సూర్యునివంటివి వెయ్యి కోట్ల ఏళ్లు బతుకుతాయి గనుక గెలాక్సీ పళ్లెమంతటా పరుచుకుని ఉంటాయి.

‘నక్షత్రాల కర్మాగారం’ అన్న మాట కూడా తీసెయ్యి. వాయు మేఘంలో కొద్ది శాతమే నక్షత్రాలవుతుంది, మిగతాది ఆ నక్షత్రాల ధాటికే చెదిరిపోతుంది. మన పాలపుంత మొత్తం మీద ఏడాదికి తయారయ్యేది ఒకరిద్దరు సూర్యుల ద్రవ్యరాశే. అంత వృథా అయ్యే కర్మాగారాన్ని ఏ యజమానీ నడపడు.

చల్లని హైడ్రోజన్ అణువులు తమంతట తాము కనబడవనీ, వాటితో కలిసి ఉన్న కార్బన్ మోనాక్సైడ్ వెలువరించే మిల్లీమీటరు తరంగాలతో మేఘాల లెక్క కడతారనీ ఒక వాక్యం చేర్చు. మేఘాలను ‘చూశారు’ అని ఊరికే రాస్తే పాఠకుడు కళ్లతో చూశారనుకుంటాడు. సవరించిన ప్రతితోపాటు ఫొటోను ఈసారి రంగుల్లో పంపు.